షుగర్ గోలీలు సరే.. కంటి వెనుక చూసేదెవరు?

మన ఊర్లల్ల ఇప్పుడు షుగర్ లేని వాడకట్టు లేదు. 2023ల బయటికొచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంల 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉన్నది. ఆశా అక్కలు, ఏఎన్‌ఎంలు 30 ఏండ్లు దాటినోళ్లకు బీపీ, షుగర్ చూస్తున్నరు. దవాఖానల గోలీలు ఇస్తున్నరు. మంచి పనే. కానీ ఊర్లు తిరిగినప్పుడు షుగర్ ఉన్నోళ్లను నేనొక మాట అడుగుతుంట: "మీ కంటి వెనుక పొరను ఎవరన్న చూసిండ్రా?" ఎక్కువ మంది చెప్పేది ఒక్కటే: "కంటి వెలుగుల చూసిండ్రు గదా, అద్దాలిచ్చిండ్రు గదా."

అసలు తిరకాసు గీడనే ఉన్నది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌ల మొదలైన కంటి వెలుగు, 2023 జనవరిల ఖమ్మం నుంచి రెండో విడత నడిచింది. లక్షల మందికి అద్దాలొచ్చినయి. ఆ మేలును నేను కాదంటలేను. కానీ అది ముఖ్యంగ చూపు కొలిచి అద్దాల నంబరు తేల్చే పరీక్ష. షుగర్ దెబ్బ కొట్టేది ఇంకో కాడ. కంటి వెనుక రెటీనా అనే పొర ఉంటది. దాంట్ల సన్నటి నెత్తురు నాళాలుంటయి. ఏండ్ల తరబడి షుగర్ ఎక్కువుంటే అవి ఉబ్బుతయి, కారుతయి. నొప్పి ఉండది. మొదట్ల చూపు గూడ తగ్గది. బోర్డు మీద ఆఖరి వరుస చదివినోళ్ల కంట్ల గూడ రోగం ఉండొచ్చు. లేజర్, ఇంజెక్షన్లు ఉన్న చూపును కాపాడుతయి గని, పోయిన చూపును చాలావరకు తిరిగి తేలేవు. అందుకే టైప్ 2 షుగర్ బయటపడంగనే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలంటరు డాక్టర్లు.

మరెందుకు పోతలేరు? నిర్లక్ష్యమని తిట్టుడు అల్కగ. పరీక్షకు జిల్లా కేంద్రమో, పట్నమో పోవాలె. కండ్లల్ల చుక్కలేస్తే కొన్ని గంటలు అంత మసక. బండి నడుపరాదు, తోడు ఒకరు గావాలె. అంటే ఇద్దరి కూలి పాయె. ఆడోళ్లకు బస్సు ఫ్రీ ఉండొచ్చు, కూలి ఎవలిస్తరు? నొప్పి లేని కంటి కోసం ఎవలు పోతరు?

ఇంగ్లండ్‌ల 2003 నుంచి షుగర్ ఉన్నోళ్లను పిలిచి మరీ కంటి ఫొటో తీసే పద్ధతి పెట్టిండ్రు. ఇంగ్లండ్, వేల్స్‌ల పనిచేసే వయసోళ్ల చూపు పోయే కారణాలల్ల 50 ఏండ్లు మొదటి జాగల ఉన్న షుగర్ కంటిరోగం కిందికి దిగిందని 2014ల ఒక అధ్యయనం చెప్పింది. స్క్రీనింగ్ దానికొక కారణం కావొచ్చన్నది.

ఫొటో తీసుటానికి కంటి డాక్టరే ఉండనక్కర లేదు. ట్రైనింగ్ ఉన్న టెక్నీషియన్ తీస్తే, దూరంగ కూసున్న డాక్టర్ నెట్‌ల చూడొచ్చు. చుక్కలు లేకుండనే చాలామందికి ఫొటో తీసే కెమెరాలు గూడ ఉన్నయి. గోలీల కోసం జనం పీహెచ్‌సీకి ఎట్లయినా వస్తున్నరు. గారోజే కెమెరా తెస్తే అదనంగ ఒక్క కూలి గూడ పోదు. అయితే ఫొటోల రోగం కనబడ్డోళ్లను లేజర్ దాక తోలుకపోయే బాధ్యత గూడ సర్కారే తీసుకోవాలె. లేకుంటే అది లెక్కల కోసం తీసిన ఫొటోనే అయితది.

తమ్ముళ్లు, చెల్లెండ్లు.. ముందుగాల మీ అమ్మ, నాయిన దవాఖాన చిట్టీలు తీసి చూడున్రి. రెటీనా మాట ఎక్కడన్న ఉన్నదా? లేకుంటే ఈ నెలనే తోలుకపోన్రి. తర్వాత గ్రామసభల లేచి అడుగున్రి: మన పీహెచ్‌సీకి కంటి కెమెరా ఎప్పుడొస్తది? జవాబు నోటితోటి కాదు, తీర్మానంల రాయించున్రి.