హోషో నేర్పిన పాఠం

యుద్ధనౌకల ఆటలో విమానవాహకాన్ని నడిపేవారంటే తక్కినవారికి గిట్టదు. మొన్నటి వరకు నాకూ గిట్టేది కాదు. ఇప్పుడు నేనే ‘వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్’లో నాలుగవ శ్రేణి హోషోను నడుపుతున్నాను.

విమానవాహకంగానే నిర్మించిన ఓడలలో మొట్టమొదట, 1922లో, నౌకాదళంలో చేరినది జపాను వారి హోషో. అదే శ్రేణిలోని అమెరికా వారి లాంగ్లీ బొగ్గు ఓడకు మారురూపం. 2019 నాటి మార్పుల తరువాత ఆటలో ఒకసారికి ఒక్క విమానదళమే మన చేతిలో ఉంటుంది. ఓడ ఏ దీవి చాటుననో నిలిచి ఉంటుంది. కొట్టేవాడు కంటికి కనబడడు.

చిక్కంతా ఇక్కడే. ఆ శ్రేణి ఓడలలో చాలావాటికి విమానాలను ఎదిరించే ఫిరంగులు అంతంతమాత్రం. ఎదుటివాడు తరచు కొత్తవాడు. ఒకనాడు జట్టు నుండి తప్పిపోయిన ఒక యుద్ధనౌకపై మూడు మార్లు టార్పెడోలు విడిచాను. ఓడను పక్కకు తిప్పాలన్న సంగతి కూడా అతనికి తెలియదు. ఓడ మునిగింది. నాకు పాయింట్లు వచ్చాయి, సంతోషం రాలేదు.

నియమం ఒప్పుకున్నదంతా న్యాయం కాదు. ఇప్పుడు ఎదుటి జట్టులో ఆరితేరినవాడి మీదికే దళాన్ని పంపుతున్నాను. జట్టుకు ఇది ద్రోహం కాదా అంటారేమో! మనవారిని ముంచుతున్నది అతడే కదా. విమానాలు ఎక్కువగా కూలుతున్నాయి, నిజమే. అయినా ఆట ముగిశాక మనసు తేలికగా ఉంటోంది.