జీడి తొక్కను తగలెయ్యకండి

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల యజమానులకు, కార్మికులకు, ఉద్దానం రైతులకు మనవి.

పప్పు తీశాక తొక్క మీద మనకు శ్రద్ధ ఉండదు. లారీకెత్తి అమ్మేస్తాం, కాదంటే బాయిలర్‌లో వేస్తాం. ఆ తొక్క బరువులో దాదాపు నాలుగో వంతు నూనే! పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి తోలు ఊడేది దానివల్లే. తొక్క కాల్చినప్పుడు కళ్లు మండించే పొగా దానిదే. తేమకు లొంగని రెజిన్‌కు (గట్టిపడే జిగురుకు) ముడిసరుకు కూడా అదే.

చెక్కలు అతికించడానికి వాడే సోయా పిండి, గంజి, చింతగింజల జిగుర్లు వానాకాలంలో చేతులెత్తేస్తాయి. నీటిని పట్టుకునే హైడ్రాక్సిల్ వంటి గుంపులు వాటి నిండా ఉంటాయి కనుక తేమ తగలగానే ఉబ్బి పట్టు వదులుతాయి. జీడి నూనె తీరు వేరు. అందులో ఎక్కువగా ఉండే అనకార్డిక్ ఆమ్లం బాగా కాచితే కార్బన్ డయాక్సైడ్ వదిలేసి కార్డనాల్ అవుతుంది. దాని ఫినాల్ వలయానికి 15 కార్బన్ల తోక ఉంటుంది. వలయం ఫార్మాల్డిహైడ్‌తో కలిసి గట్టిపడుతుంది, తోక నీటిని దగ్గరికి రానివ్వదు. కేరళ, గోవా తీరాల్లో చెక్క పడవలకు ఈ నూనె పూయడం పాత అలవాటే. బళ్ల బ్రేకు లైనింగుల్లోనూ ఈ రెజిన్ వాడుతున్నారు.

లోపాలు లేవని కాదు. ఫార్మాల్డిహైడ్ కలిసినంతకాలం దీన్ని పూర్తిగా మొక్కల రెజిన్ అనలేం. రంగు ముదురు, తెల్ల ఫర్నిచర్‌కు పనికిరాదు. కార్డనాల్ మోతాదు మించితే జిగురు ఆలస్యంగా గట్టిపడుతుంది. అందుకే ప్లైవుడ్ జిగురులో ఫినాల్ కొంత తగ్గించి ఆ మేరకు కార్డనాల్ వేయడమే మంచిదని మా అభిప్రాయం.

కనుక కాల్చేముందు తొక్కను ఎక్స్‌పెల్లర్‌లో ఆడించండి. మిగిలిన పిప్పి బాయిలర్‌లో ఎలాగూ మండుతుంది, ఇంధనం పోతుందన్న భయం వద్దు. నూనె కాచి శుద్ధి చేయడం చిన్న యూనిట్ ఒంటరిగా మోయగలిగే ఖర్చు కాదు. అందరికీ ఉమ్మడిగా ఒక కేంద్రం పెట్టించమని పరిశ్రమల శాఖను గట్టిగా అడుగుదాం. నీళ్లు, మట్టి కలిసిన నూనెకు ధర రాదు, భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 840 అందుకోవాలి. ఆ కేంద్రంలో పనిచేసేవాళ్లకు చేతి తొడుగులు, పొగ బయటికి పోయే ఏర్పాటు మొదటి రోజునుంచే ఉండాలి.

మాటలతో నమ్మనక్కర్లేదు. మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం ఐ.ఎస్. 710 ప్రకారం ముక్కను 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. మన నూనె కలిపిన జిగురుతో అతికించిన ముక్కనూ అలాగే ఉడికించి చూపించమని అడగండి. పొరలు విడిపోకపోతేనే పెట్టుబడి మాట ఎత్తుదాం.