హాజరుపట్టీలోని 42 పేర్లు

గడచిన వేసవి సెలవులకు ముందు మా పై తరగతి విద్యార్థి యొకడు లావుపాటి పుస్తకము నొకదానిని సంచిలో దాచికొని తిరుగుచుండుట మా కంటబడినది. అది కోషున్ తకామి యను జపాను రచయిత వ్రాసిన 'బాటిల్ రాయల్' అను నవలకు ఆంగ్లానువాదము. వెనుక అట్టమీది నాలుగు పంక్తులు చదువగనే మాకు రోత పుట్టినది. "ముందు మేము చదివి చూచెదము" అని దానిని తీసికొంటిమి. నిజము చెప్పవలెనన్న, తిరిగి యిచ్చు నుద్దేశము అప్పుడు మాకు లేదు.

కథ యిట్టిది. మహా ప్రాచ్యాసియా ప్రజారాజ్యమని యొక కల్పిత దేశము. పేరునకు ప్రజారాజ్యమేగాని అచట ఏలువాడొక్కడే. పడమటి దేశముల రాక్ సంగీతము వినుటయు నేరమే. అచటి ప్రభుత్వము ప్రతి సంవత్సరము మాధ్యమిక పాఠశాలల మూడవ యేటి తరగతులలో 50 తరగతులను ఎంచుకొనును. ఆ యేడు కగావా మండలములోని షిరోయివా యను ఊరి పాఠశాలలో 'బి' తరగతి వంతు వచ్చినది. బాలురు 21, బాలికలు 21. విహారయాత్రకని బస్సెక్కిన ఆ పిల్లలు మత్తుచే నిద్రపోయి, కన్ను తెరచునప్పటికి ఒక దీవిలోని బడిగదిలో నుందురు. అందరి మెడలకును ఇనుప పట్టెలు. ఒక్కరు మిగులువరకు ఒకరి నొకరు చంపుకొనవలెను. 24 గంటలలో ఎవ్వరును చావనిచో పట్టెలన్నియు పేలి యందరును చత్తురు. ఒక్కొక్కరికి ఒక సంచి: రొట్టె, నీళ్లు, పటము, దిక్సూచి, ఒక ఆయుధము. కొందరికి తుపాకి దొరకును, ఒకనికి భోజనపు ముల్లుగరిటె దొరకును. గెలిచినవారికి జీవితాంతము భరణము, దేశాధిపతి స్వహస్తముతో చేవ్రాలు చేసిన అట్టముక్క యొకటి.

పుస్తకము మొదటనే ఆ తరగతి హాజరుపట్టీ అచ్చువేయబడినది. ఏండ్ల తరబడి ప్రతి యుదయమును హాజరు పిలుచు మాబోంట్లకు అట్టి పుట క్రొత్తది కాదు. యూకియె, యూకికో, యూకో, యూకా: ఎవరెవరో తెలియక పలుమారులు ఆ పుటకు మరలవలసివచ్చెను. తీరా ఆ పేర్లు నోటబట్టునప్పటికి ఆ పేర్లుగలవారిలో పలువురు లేకుండిరి. ప్రతి అధ్యాయము చివరను ఇంకెందరు మిగిలిరో లెక్క వేయబడును.

ఆ దీవిలోను పేర్లు చదువు నుపాధ్యాయుడొకడున్నాడు. సకమోచి యను వాడు దినమునకు నాలుగుమారులు, 6 గంటలకును 12 గంటలకును, చచ్చినవారి పేర్లను ఉల్లాసముగా చదివి వినిపించును. 1979లో మొదలై జపాను టెలివిజనులో పెక్కేండ్లు సాగిన నాటకమున కింపాచి యను మంచి పంతులుండెను. అతనిదియు మూడవ యేటి 'బి' తరగతియే. ఆ పేరునే రవంత మార్చి రచయిత ఈ క్రూరునికి పెట్టినాడు. మేము హాజరు పిలుచునది వచ్చినవారికై; అతడు పిలుచునది ఇక రానివారిని. జూనులో బడి తెరచిన దినమున "ప్రెజెంటు సార్" అను మాట ఆలస్యమైన చోటనెల్ల మా గుండె ఝల్లుమన్నదని చెప్పుటకు సిగ్గుపడము.

ఈ నవలలో నెత్తురు మితిమీరినది. చావును వర్ణించునపుడు రచయిత కలము వేడుకపడినట్లు కొన్నిచోట్ల తోచును. నాణెమెగురవేసి చంపుటకు నిశ్చయించుకొను కిరియామా యను బాలుడు మనుష్యునివలె గాక యంత్రమువలె నున్నాడు. ఇవి దోషములు. 1997లో ఒక భయానక నవలల పోటీలో తుది వరుసవరకు వచ్చిన యీ గ్రంథమును నిర్ణేతలు త్రోసిపుచ్చిరి. 1999లోగాని ఇది అచ్చుకు రాలేదు. ఆ నిర్ణేతలలో మేముండినను బహుశః అట్లే చేసియుందుము.

ఐనను దీపస్తంభము కథ వచ్చునప్పటికి మా యభిప్రాయము కదలినది. ఆర్గురు బాలికలు దీపస్తంభమున తలదాచుకొని, కావలి వంతులు వేసికొని, వంట చేసికొని, గాయపడిన షూయా యను తోటి బాలునికి కట్టు కట్టి కాపాడుచుందురు. పుస్తకమంతటిలో ఇల్లువలె తోచు చోటు అదియొక్కటే. వారిలో యూకో యనునామె, షూయా చేతిలో ఒక బాలుడు ఆకస్మికముగా చచ్చుట చూచి, అది హత్యయే యని నమ్మినది. అతని కని యుంచిన భోజనములో విషము కలిపినది. ఆ భోజనమును మరియొక బాలిక రుచి చూచి పడిపోయినది. ఎవరు చేసిరి? ఆ ప్రశ్న పుట్టిన కొలది నిమిషములలోనే తుపాకులు పైకి వచ్చినవి. యూకో తప్ప అందరును నేలగూలిరి. ఆమెయు పిమ్మట ఆ స్తంభముమీదినుండి పడి మరణించినది. చెడ్డవారు ఒక్కరును లేరు. ఇక్కడ మేము పుస్తకము మూసి రెండుదినములు తెరువలేదు.

ఆ ప్రభుత్వమునకు కావలసినదియు నిదియే. ప్రక్కబల్లమీది స్నేహితుని సైతము నమ్మరాదని ప్రజలు ఏటేట వార్తలలో చూచి నేర్చుకొన్నచో, పదిమంది కూడి తిరుగబడుట యెట్లు? గోల్డింగు 1954లో వ్రాసిన 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్'లోను పిల్లలు దీవిలో చంపుకొందురుగాని, అచట పెద్దలు లేకపోవుటచేత పిల్లలు చెడిరి. ఇచట పెద్దలే పిల్లలను దీవికి తెచ్చిరి.

ఈ నవల 2000లో చలనచిత్రముగా వచ్చినపుడు జపాను శాసనసభలో వాదములు చెలరేగినవి. 15 ఏండ్లు నిండనివారు చూడగూడదని నిర్ణయమైనది. దర్శకుడు కింజీ ఫుకసాకు 1945లో పదునైదేండ్ల వయస్సున ఆయుధ కర్మాగారమున పనిచేసి, దాడిలో తోటిపిల్లల మరణమును కన్నులార చూచినవాడు. ఆ వయస్సువారికి ఏమి చూపవచ్చునో, ఏమి చూపరాదో నిర్ణయించుటకు ఆయనకంటె ఎక్కువ యర్హత యెవరికుండునో మాకు తెలియదు.

ఇక మా విద్యార్థి సంగతి. ఆ కథలో హయాషిదా యను మరియొక యుపాధ్యాయుడున్నాడు. కండ్లద్దములవలన పిల్లలతనికి తూనీగ యని పేరు పెట్టిరి. తన తరగతిని అప్పగింపనన్నందులకు అతనిని చంపి, శవమును పిల్లలకు చూపుదురు. అతడు పుస్తకములో కొలది పుటలకంటె ఎక్కువ లేడు. కాని ఆ పిల్లలకు అబద్ధము చెప్పని పెద్దవారి నెంచినచో అతడు ముందు వరుసలో నుండును. "చదివి చూచెదము" అని మేము పలికినది అబద్ధము. ఆ పిల్లవాడు దానిని నమ్మి, మూడు నెలలు మారుమాటాడక వేచియుండెను.

పుస్తకము తిరిగి యిచ్చితిమి. తండ్రిగారికి ముందుగా జాబు వ్రాసి కథ యంతయు దాచక తెలిపితిమి. చిన్న తరగతుల పిల్లల చేత పడరాదని వానికిని చెప్పితిమి. ఒక్క షరతు: ఏ పేరువద్ద చదువలేక ఆగిపోయెనో వచ్చి చెప్పవలెను. మా పేరు మేము చెప్పితిమి, యూకో అని. వాడింకను పుస్తకము ముగింపలేదు.