పేర్లు పడేటప్పుడే సినిమా మొదలు

కాలేజీల్లో లఘుచిత్రాల ప్రదర్శనలకు వెళ్లేవారికి ఇది తెలిసిన సంగతే. నల్లటి తెర మీద పేర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతుంటాయి. వెనక ఎక్కడో దొరికిన సంగీతం వినిపిస్తుంటుంది. కథకూ దానికీ పొంతన ఉండదు. షూటింగ్‌కు రోజులకు రోజులు పెట్టిన పిల్లలు టైటిల్స్‌ను మాత్రం ఎడిటింగ్ ఆఖరి రాత్రికి వదిలేస్తారు. వాటి గురించి కెమెరా పట్టకముందే కాగితం మీద ఆలోచించాలి. ఆ కాగితాలకు కాలేజీలు మార్కులు వేయాలి.

హాలీవుడ్‌లోనూ ఒకప్పుడు టైటిల్స్‌ను పెద్దగా పట్టించుకునేవారు కాదు. పేర్లు పడుతున్నంతసేపూ కొన్ని థియేటర్లలో తెర ముందున్న పరదా కూడా పూర్తిగా తీసేవారు కాదు. 1955లో 'ది మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్' కోసం గ్రాఫిక్ డిజైనర్ సాల్ బాస్ తెల్లటి పట్టీలను నల్లటి తెర మీద కదిలించి, చివరికి వాటిని వంకర తిరిగిన చేయిగా మార్చాడు. మత్తుమందుకు బానిసైనవాడి కథ అది. పేర్లు పడకముందే పరదా తీయాలని ఆపరేటర్లకు రీలు డబ్బాల మీదే రాసి పంపారు.

విద్యార్థులు షాటు షాటూ ఆపి చూడవలసింది 1995లో వచ్చిన 'సెవెన్' టైటిల్స్. కైల్ కూపర్ రూపొందించిన ఆ రెండు నిమిషాల్లో కథలోని హంతకుడి ముఖం కనిపించదు, చేతులే కనిపిస్తాయి. అవి బ్లేడుతో వేలికొసల చర్మం చెక్కుకుంటాయి, నోట్‌బుక్కులు నింపుతాయి, కాగితాలు కుడతాయి. అక్షరాలు కూడా గోటితో గీకినట్టు వణుకుతుంటాయి. ఒక బల్ల, ఒక లైటు, రెండు చేతులు ఉంటే ఏ కాలేజీలోనైనా ఇలాంటి ప్రయత్నం చేయవచ్చు. కావలసిందల్లా ఏ షాటు తర్వాత ఏ షాటో ముందే తేల్చుకోవడం.

మన దగ్గరా మంచి ఉదాహరణలున్నాయి. బాపు తన సినిమాల పేర్లను తన అక్షరాలతోనే తెరకెక్కించారు. 'ఈగ' (2012)లో పేర్లు పడుతుండగా ఒక పాప నాన్నను కథ చెప్పమని అడుగుతుంది. ఆ రెండు గొంతులతోనే, ఈగ పగ తీర్చుకునే కథను నమ్మడానికి ప్రేక్షకుడు సిద్ధమైపోతాడు.

ప్రణాళిక అంటే పెద్ద గ్రంథమేమీ కాదు. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి సమయం, బొమ్మ, పేరు, శబ్దం అని రాసుకుంటే చాలు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండు నిమిషాలంటే 2,880 ఫ్రేములు. ఏ పేరు ఎక్కడ మొదలై ఎక్కడ పోతుందో ఆ గడుల్లో రాసుకోవాలి. తెలుగుకు ఇంకో జాగ్రత్త అవసరం. పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఎక్కువ ఉంచాలి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు అక్షరాలు అతికించగానే వత్తులు విడిపోతాయి. ఇది ఆఖరి రాత్రి బయటపడితే చేయగలిగింది తక్కువ. మొదటి వారమే ఒక్క పేరు తెర మీద వేసి చూసుకోవాలి. ఎవరి పేరు వారిచేతే రాయించుకుంటే అచ్చుతప్పుల గొడవ కూడా తీరుతుంది.

ఇక నమోదు. గీసి కొట్టేసిన బొమ్మలు, వద్దనుకున్న ఫాంటు, ఎందుకు వద్దనుకున్నారో ఒక వాక్యం, సంగీతానికి తీసుకున్న అనుమతి, అన్నీ ఒక నోట్‌బుక్కులో తేదీలతో ఉండాలి. సత్యజిత్ రాయ్ ఎర్రగుడ్డ అట్టల ఖాతా పుస్తకాల్లో సంభాషణలతో పాటు సెట్లు, దుస్తుల బొమ్మలు కూడా గీసుకునేవారు. ఆయన ఎలా ఆలోచించారో ఈనాటికీ వాటిలో చూడవచ్చు. ఇలాంటి నమోదుకు మార్కులు వేసే పద్ధతి ఇప్పటికే ఉంది. కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ అనే పరీక్షా సంస్థ ఏ లెవెల్ మీడియా స్టడీస్‌లో టైటిల్స్‌తో కూడిన రెండు నిమిషాల సినిమా ఆరంభం తీయడం ఒక ప్రాజెక్టు. అక్కడ చేసిన పనితో పాటు దాని వెనక పరిశోధనకు, ప్రణాళికకు కూడా మార్కులుంటాయి. టెంప్లేటు దింపుకున్న జట్టుకూ, చేత్తో పది రకాలుగా రాసి చూసిన జట్టుకూ ఒకే మార్కు పడటం అన్యాయం. ఆ తేడా నోట్‌బుక్కులోనే బయటపడుతుంది.

విజువల్ కమ్యూనికేషన్, జర్నలిజం విభాగాల అధ్యాపకులు ఈ ఏడాది ప్రాజెక్టు నిబంధనల్లో ఒక్క మార్పు చేయాలి. సినిమా ఫైలుతో పాటు టైటిల్స్ నోట్‌బుక్కు కూడా ఇవ్వాలని, దానికి విడిగా మార్కులుంటాయని మొదటి తరగతిలోనే చెప్పాలి.