మామ్మగారి బెంచి

న్యూయార్కులో ఒక పార్కును బాగుచేయాలంటే, ప్లాను గీయకముందే పార్కుల శాఖవారు సభ పెట్టి చుట్టుపక్కలవాళ్ళకు ఏం కావాలో అడుగుతారు. మాట్లాడడానికి పౌరసత్వం అక్కరలేదు. గీసిన ప్లాను తర్వాత కమ్యూనిటీ బోర్డు ముందుకు వస్తుంది. నగరంలో ఇవి 59. వాటిది సలహాయే గాని హుకుం కాదు.

అయితే అడగడం ఎందుకంటారా? బ్రూక్లిన్‌లోని ఫోర్ట్ గ్రీన్ పార్కు సంగతి చూడండి. జనం సూచనలు అందుకుని 2016లో నగరం ఎంచుకున్న 8 పార్కుల్లో అదొకటి. తీరా ప్లాను చూస్తే 80కి పైగా చెట్లు కొట్టాలి! నీడ పోతుందన్నవాళ్ళు కోర్టుకెక్కారు. పర్యావరణ సమీక్ష జరగాల్సిందేనని 2020 జనవరిలో తీర్పు వచ్చింది. ఇలాంటి పేచీ సభలోనే తేలితే ఎంత కాలం, ఎంత ఖర్చు కలిసివచ్చేవి!

ఆ ఎనిమిదింటిలో క్వీన్స్‌లోని ఫ్లషింగ్ మెడోస్ పార్కూ ఉంది. మనలో చాలామందిమి ఫ్లషింగ్ గుడికి వెళ్ళినప్పుడు పిల్లల్ని ఆడించుకొచ్చే చోటే. క్రికెట్ కుర్రాళ్ళు తమ పిచ్ సంగతి గట్టిగానే అడుగుతారు, అడగాలి కూడా. కాని మన ఇళ్ళలో పార్కుకు రోజూ వెళ్ళేది ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు. వాళ్ళకు కావలసినవి నాలుగడుగులకో బెంచి (వీపు ఆనేది), మంచినీళ్ళ కుళాయి, దగ్గర్లో మరుగుదొడ్డి. మోకాళ్ళ నొప్పి లేని ఇంజనీరుకు ఇవి తోచవు.

ఈసారి మన పేటలో సభ జరిగితే మామ్మగారిని వెంటబెట్టుకు వెళదాం. ఆవిడ తెలుగులోనే చెబుతారు. ఇంగ్లీషు చేసి చెప్పడానికి మనం ఉన్నాంగా!