దూరం వేరు, ప్రయాణకాలం వేరు

సంతానం అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు ఇప్పుడు మన టౌన్‌షిప్పులో ప్రతి వీధిలోనూ ఉన్నాయి. కనుక “శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం? విమానంలో ఎన్ని గంటలు?” అనే ప్రశ్న మాకు తరచుగా ఎదురవుతుంది. దీనికి ఒకసారి మేము తొందరపడి జవాబు చెప్పి, దాని ఫలితాన్ని కళ్ళారా చూశాము.

కొన్నేళ్ళ క్రిందట ఒక జనవరి నెలలో మా సహోద్యోగి ఒకరు హైదరాబాదులో కాలధర్మం చెందారు. ఏకైక కుమారుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాడు. ఆదివారం ఉదయం ఆరున్నరకు అక్కడ విమానం ఎక్కుతున్నట్లు కబురు చేశాడు. “ఇంజనీరుగారూ, పిల్లవాడు ఎప్పటికి రాగలడు?” అని ఇంటి పెద్దలు మమ్మల్ని అడిగారు.

ఆ నగరానికీ ఢిల్లీకీ మధ్య భూగోళంపై అతి దగ్గరి దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే పధ్నాలుగు గంటల లోపే. శీతకాలంలో అక్కడి కాలం మనకంటే 13½ గంటలు వెనుక. అక్కడ ఉదయం ఆరున్నర అంటే ఇక్కడ రాత్రి ఎనిమిది. “సోమవారం ఉదయం పదికి ఢిల్లీ, మధ్యాహ్నం మూడున్నరకు హైదరాబాదు” అని ధీమాగా చెప్పాము. మా మాట మీద ఫ్రీజర్ బాక్సును ఉదయమే తిప్పి పంపారు.

విమానానికి పదహారున్నర గంటలు పట్టింది. ఢిల్లీలో అందుకోవలసిన విమానం తప్పిపోయింది. పొద్దు వాలుతున్నదని, తమ్ముని కుమారుడు తలకొరివి పెట్టాడు. అసలు కొడుకు గడప తొక్కేసరికి చీకటి పడింది. మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

మా భాగహారంలో తప్పు లేదు. తీసుకున్న అంకెలే తప్పు. అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. విమానం మాత్రం గాలివాటం, ఆయా దేశాల అనుమతులు, ఆపదలో దిగగల విమానాశ్రయాలు, చలికి ఇంధనం గడ్డకట్టే ప్రమాదం, ఇన్ని చూసుకొని దారి ఎంచుకుంటుంది. 2019 ఫిబ్రవరి నుండి జూలై వరకు పాకిస్తాన్ గగనతలం మూసివేసినప్పుడు, మన దేశం నుండి పడమటికి వెళ్ళే విమానాలు చుట్టుదారి పట్టాయి.

గాలి ప్రభావానికి చక్కని ఉదాహరణ ఉన్నది. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసును అట్లాంటిక్ మీదుగా ప్రారంభించింది. 2016 అక్టోబరులో దానిని పసిఫిక్ మీదుగా మళ్ళించింది. దారి పెరిగి సుమారు 15,300 కిలోమీటర్లు అయింది. అయినా ప్రయాణం పధ్నాలుగున్నర గంటల్లో, మునుపటికంటే సుమారు రెండు గంటలు ముందుగా ముగిసింది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుండి తూర్పుకు వీచే జెట్ ప్రవాహం వెనుకనుండి నెట్టడమే కారణం. నేలపై లెక్కిస్తే సగటు వేగం గంటకు 1,050 కిలోమీటర్లు!

కనుక పాఠకులకు మా మనవి: పటం చూసి లెక్క కట్టవద్దు. టికెట్టుపై ఉన్న చేరే వేళనే నమ్మండి. బయలుదేరే వేళను మన కాలానికి మార్చి తీసివేస్తే అసలు ప్రయాణకాలం తెలుస్తుంది. మార్చి మధ్య నుండి నవంబరు మొదటివారం వరకు తేడా 12½ గంటలే అని మరవకండి. ఢిల్లీలో ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్, సామాను కోసం కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి.

రాకూడని కబురు వచ్చిన ఇంట మాత్రం, రావలసినవాడు గడప తొక్కేవరకు ఫ్రీజర్ బాక్సును పంపివేయకండి.