డబ్బాచేప తరఫున ఒక వకాల్తా

కోనసీమలో పుట్టినవాడు డబ్బాలో మూసిపెట్టిన చేపను గూర్చి నాలుగు మంచిమాటలు వ్రాయబూనడం సాహసమే. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెతను ఉగ్గుపాలతో నేర్చిన జాతి మాది. కనుక మిత్రులు నన్ను వెలివేసే ముందు ఈ నాలుగు పేరాలూ ఓపికగా చదివి, ఆపైన శిక్ష విధించవలసిందిగా ప్రార్థన.

సంగతి మా అమ్మతో మొదలయింది. రాజోలు దాపున ఉన్న మా పల్లెలో ఆవిడ ఒక్కతే ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మధుమేహం ఉంది. నాన్నగారు పోయాక హైదరాబాదు వచ్చెయ్యమంటే, కొబ్బరిచెట్లను ఎవరు చూస్తారని ఎదురు ప్రశ్న వేసింది. గత వేసవిలో నేను ముందుగా కబురు చేయకుండా మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరేసరికి భోజనం చేస్తోంది. కంచంలో గుట్టగా తెల్లన్నం, ఒక మాగాయ టెంక, పక్కన గ్లాసుడు మజ్జిగ. అంతే. పెరట్లో చూస్తే ఆనపపాదు పందిరి నిండా కాసింది, మునగచెట్టు కాయల బరువుకు వంగిపోయింది. "ఒక్కదాని కోసం ఏం వండుకుంటాన్లేరా" అన్నది.

చేప మాటెత్తితే కీళ్ళవాతంతో వంకర తిరిగిన వేళ్ళు చూపించింది. పొలుసు గీకడం, రాళ్ళ ఉప్పేసి తోమడం, కత్తిపీట ముందు కూర్చుని ముక్కలు కోయడం ఆ వేళ్ళతో అయ్యే పనులు కావు. రెండేళ్ళుగా ఆ ఇంట చేపల కూర ఉడకలేదట. ప్రతి ఆదివారమూ ఫోనులో "భోంచేశావా అమ్మా" అని అడిగేవాణ్ణి, "చేశాన్రా" అనేది. ఏం తిన్నావని నేనెన్నడూ అడగలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. పిల్లలు హైదరాబాదులోనో, కువైట్‌లోనో, అమెరికాలోనో ఉండగా, పెద్ద లోగిలిలో ఒంటిగా మిగిలిన తల్లులూ తండ్రులూ మా వైపు ఊరూరా కనబడతారు. డబ్బుకు లోటుండదు, కూరగాయకు అంతకన్నా లోటుండదు. లోటల్లా పూనిక. అందుచేత మధ్యాహ్న భోజనం అన్నమూ ఊరగాయగా కుదించుకుపోతుంది. దానికి "మితాహారం" అని పేరు పెట్టుకుంటారు గానీ, పిండిపదార్థమూ ఉప్పూ తప్ప అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు.

దారి చూపింది మా వీధి చివరి ఇంటావిడ. పన్నెండేళ్ళు కువైట్‌లో ఒక ఇంట వంటపని చేసి తిరిగివచ్చింది. ఆవిడ ట్యూనాను అరబ్బుల ఉచ్చారణలో "తూనా" అంటుంది. "అత్తయ్యగారూ, తూనా డబ్బా ఒకటి తెరిస్తే చాలండి, కోసేదీ లేదు, కడిగేదీ లేదు" అన్నదట. మా అమ్మ సమాధానం ఊహించదగినదే. "గోదారిని గుమ్మంలో పెట్టుకుని డబ్బాలో చేప తినే ఖర్మేంటే?"

ఈ ప్రశ్నను నేను చాలాకాలం మనసులో తిప్పుకున్నాను. గోదావరి గుమ్మంలో ఉన్నమాట నిజమే. కానీ మన పెద్దలు నిలవచేపను ఎన్నడైనా తక్కువగా చూశారా? ఎండు నెత్తళ్ళు, ఉప్పుచేప, ఎండురొయ్యలు అటకమీద లేని ఇల్లు మా చిన్నతనంలో అరుదు. వేటలేని రోజుల్లో, వానల్లో, అవే ఆదుకునేవి. పైగా వాటిని వండిన తీరు గమనించండి. వంకాయలో ఎండురొయ్యలు, గోంగూరలో ఎండురొయ్యలు, చింతచిగురులో నెత్తళ్ళు, మామిడికాయలో నెత్తళ్ళు. కూర నిండా కాయో ఆకో, చేప మాత్రం గుప్పెడు. గుప్పెడు నిలవచేపతో దండిగా పెరటికూర తినిపించడం కోనసీమ ఆడవాళ్ళు తరతరాలుగా చేసిన పని. తేలికపాటి ఆరోగ్యకరమైన భోజనమని ఇప్పుడు రంగుల పత్రికలు బోధించేది దాదాపు ఇదే. పులస వైభవాన్ని పాడుకునే సంబరంలో, ఏడాదిలో తక్కిన పదినెలలూ మనలను పోషించిన ఈ వంటను మనమే చిన్నబుచ్చుకున్నాము.

డబ్బాచేప ఆ ఎండుచేపకు వేలువిడిచిన చుట్టం. ఒకరు ఎండతో ఉప్పుతో చేసిన పనిని మరొకరు వేడితో చేశారు. ఫ్రాన్సు దేశపు నికోలా అపేర్ అనే మిఠాయి వంటవాడు, సీసాలో ఆహారం పెట్టి బిరడా బిగించి, మరిగే నీళ్ళలో ఉంచితే చెడిపోదని కనిపెట్టి, 1810లో ఆ పద్ధతిని పుస్తకంగా వెలువరించాడు. అందుకు ప్రభుత్వం 12,000 ఫ్రాంకుల బహుమానమిచ్చింది. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ రేకుడబ్బాకు హక్కుపత్రం పొందాడు. చెడిపోవడానికి కారణం సూక్ష్మజీవులని పాశ్చర్ నిరూపించడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. అంటే వంటింటి యుక్తి ముందు పుట్టి, శాస్త్రం తరువాత వచ్చిందన్నమాట. మన ఆవకాయ జాడీ కథా అంతే కదా!

"తాజాది కాదు" అన్నది రెండో అభియోగం. మా చెరువుల్లో పెరిగిన రొయ్య మంచుగడ్డై అమెరికా వెళుతుంది, చేప మంచుపెట్టెల్లో లారీలెక్కి కలకత్తా చేరుతుంది. ఆ వ్యాపారం చూసి గర్వించే మనం, మన తల్లి కంచంలోకి డబ్బా వస్తే మాత్రం ముక్కు మూసుకోవడం న్యాయంగా తోచదు.

నిజమైన అభ్యంతరాలు రెండున్నాయి, దాచను. ఒకటి వెల. రేవులో కొనే కవళ్ళతో పోలిస్తే అవే కవళ్ళు డబ్బాలో మిక్కిలి ప్రియం. రెండవది ఉప్పు. రోజుకు అయిదు గ్రాములకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ఉప్పులో కొంత భాగం డబ్బాలోనే ఉంటుంది. అందుకే ద్రవం వంపేసి, చేపను ఒకసారి నీళ్ళతో తొలిచి, కూరలో ఉప్పు చివర రుచిచూసి వేయాలి. అయినా ఉప్పుచేప కంటే ఇది ఎంతో నయం. ఇక లాభం చూడండి. డబ్బాలోనే వేడికి ఉడకడం వల్ల కవళ్ళ ముల్లు వెన్నలా మెత్తబడుతుంది, నమిలి మింగెయ్యవచ్చు. వంద గ్రాములలో సుమారు 380 మిల్లీగ్రాముల కాల్షియం ఆ ముల్లు పుణ్యమే. ముసలి ఎముకలకు అంతకన్నా ఏం కావాలి? అన్నట్టు, ఉబ్బిన డబ్బా, సొట్టపడి కారుతున్న డబ్బా మొహమాటం లేకుండా పారెయ్యాలి. మిగిలినది డబ్బాలోనే ఉంచక గిన్నెలోకి మార్చుకోవాలి.

మరుసటి నెల వెళ్ళినప్పుడు నాలుగు డబ్బాలు పట్టుకెళ్ళి నేనే వండాను. ఆనపకాయ ముక్కలు, రెండు మునక్కాడలు, ఉల్లి, పచ్చిమిర్చి చెంచాడు నూనెలో మగ్గనిచ్చి, చింతచిగురు నలిపి వేశాను. చేప ముందే ఉడికినది గనుక దాన్ని చిట్టచివర, దించబోయే మూడు నిమిషాల ముందు మాత్రమే వేయాలి. ముందే వేస్తే ముద్దయిపోతుంది. వేశాక గరిటె పెట్టకూడదు, గిన్నె పట్టుకుని కుదపాలి. ఇది మాత్రం పులస పులుసు దగ్గర నేర్చిన మర్యాదే. పక్కన కీరదోస, ఉల్లిపాయ, కొత్తిమీర తరిగి నిమ్మరసం పిండి, కాసింత ట్యూనా కలిపాను. అన్నం ఎప్పటి కొలతలో సగం.

పచ్చికూర ముక్కల్ని "మేకలకి పెట్టు" అని పక్కకు జరిపింది. కూర మాత్రం రెండుసార్లు వేయించుకుంది. తిన్నంతసేపూ మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుంటూ, "నీచువాసన పోవాలంటే దించేముందు కాస్త మెంతిపిండి వెయ్యాలిరా, ఆ మాత్రం తెలీదూ?" అన్నది. లోపం చూపెట్టిందంటే వంటను వంటగా ఒప్పుకున్నట్టే లెక్క.

మొన్న ఆదివారం ఫోనులో ఏం తిన్నావని అడిగాను. బచ్చలికూరలో కవళ్ళు వేసి వండుకున్నదట. చివరింటావిడక్కూడా గిన్నెడు పంపిందట. ఇంకా రెండు డబ్బాలే ఉన్నాయనీ, ఈసారి టమాటా రసంలోవి తేవద్దనీ, అవి తియ్యగా ఏడుస్తున్నాయనీ చెప్పి ఫోను పెట్టేసింది.